ఎగ్జిట్ ఇంటర్వ్యూలో ఎంత చెప్పాలి, ఎక్కడ ఆగాలి

కొన్నేళ్ల క్రితం ఒక సంస్థలో హెచ్‌ఆర్ పని చూస్తుండేదాన్ని. రాజీనామా చేసి వెళ్తున్న ఒకతను ఎగ్జిట్ ఇంటర్వ్యూకు, అంటే ఉద్యోగం మానేసేవాళ్లతో సంస్థ జరిపే ఆఖరి సంభాషణకు, నా ఎదురుగా కూర్చుని నలభై నిమిషాలు మాట్లాడాడు. టీమ్‌లో పని ఎలా పంచుతారో, సెలవు అడిగినప్పుడల్లా ఏం వినాల్సి వచ్చేదో, ఏ రోజున ఇక చాలనుకున్నాడో పూసగుచ్చినట్టు చెప్పాడు. చివర్లో అతని గొంతు పూడుకుపోయింది. అతను వెళ్లాక నేను కంప్యూటర్‌లో ఫారం తెరిచాను. 'మానేయడానికి కారణం' అన్నచోట ఎనిమిది ఆప్షన్లు ఉన్నాయి: మెరుగైన అవకాశం, జీతం, పై చదువు, కుటుంబ కారణాలు, ఆరోగ్యం, ఊరు మారడం, పని వేళలు, ఇతరాలు. వాటిలో ఒక్కటే ఎంచుకోవాలి. కింద రెండు లైన్లు పట్టే పెట్టె ఒకటి. అతను వేరే ఉద్యోగం చూసుకునే వెళ్తున్నాడు కాబట్టి 'మెరుగైన అవకాశం' నొక్కాను. పెట్టెలో 'పని పంపకంపై అసంతృప్తి' అని రాశాను. అతను చెప్పినదాంట్లో సంస్థ దగ్గర మిగిలింది ఆ మూడు ముక్కలే.

అంతకు ముందు నేనూ ఆ బల్లకు అవతలివైపు కూర్చున్నాను. మొదటి ఉద్యోగం వదిలేటప్పుడు "అంతా బాగుంది, ఇంటి కారణాల వల్ల వెళ్తున్నాను" అని చెప్పి ఐదు నిమిషాల్లో లేచి వచ్చేశాను. నా సీట్లోకి వచ్చిన అమ్మాయి ఏడు నెలల తర్వాత ఫోన్ చేసింది. నేను పడిందే తనూ పడుతోంది, అదే మనిషి చేతిలో, అదే పద్ధతిలో. ఆ ఫోన్ కాల్ చాలా రోజులు నన్ను వదల్లేదు.

ఈ రెండు అనుభవాల మధ్యే ఈ విషయంలోని చిక్కంతా ఉంది. ఉద్యోగం మానేస్తున్నామని తెలియగానే చుట్టూ ఉన్నవాళ్లు రెండు రకాల సలహాలిస్తారు. "ఏమీ మాట్లాడకు, నవ్వుతూ వచ్చేయ్, మళ్లీ ఎవరితో ఏం పని పడుతుందో" అనేవాళ్లు ఒక వైపు. "ఎలాగూ పోతున్నావు కదా, ఉన్నదంతా కడిగేయ్" అనేవాళ్లు ఇంకో వైపు. ఏది వినాలో తేలక ఆ రోజు పొద్దున్నుంచీ టెన్షన్. నా ఉద్దేశంలో ఈ రెండు సలహాలూ ఒకే పొరపాటు మీద నిలబడ్డాయి. ఆ గదిలో జరిగేది ఒకే సంభాషణ అని రెండు వైపులవాళ్లూ అనుకుంటున్నారు. నిజానికి అక్కడ మూడు పనులు పెనవేసుకుని ఉంటాయి.

మొదటిది లెక్కల పని. ఆఖరి జీతం ఎప్పుడు పడుతుంది, మిగిలిన సెలవుల మాటేమిటి, ల్యాప్‌టాప్, ఐడీ కార్డు ఎవరికివ్వాలి, ఉద్యోగం నుంచి విడుదల చేశామని ఇచ్చే రిలీవింగ్ లెటర్ ఏ రోజుకి వస్తుంది. దీని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ప్రశ్నలు ముందే కాగితం మీద రాసుకెళ్లండి, జవాబులు మెయిల్‌లో తెప్పించుకోండి. నోటిమాటగా "వచ్చేస్తుంది లెండి" అన్నదాన్ని పట్టుకుని లేచి రాకండి.

రెండోది తెలుసుకునే పని. మనుషులు ఎందుకు వెళ్లిపోతున్నారో సంస్థకు తెలియాలి. ఒకరు మానేస్తే కొత్తవారిని వెతకాలి, నేర్పాలి, అప్పటిదాకా ఉన్నవాళ్ల మీద బరువు పడుతుంది. అందుకే ఎగ్జిట్ ఇంటర్వ్యూ అనే ఏర్పాటు పుట్టింది. అందరూ ఎగ్జిట్ ఇంటర్వ్యూ అంటే ఇదొక్కటే అనుకుంటారు.

మూడోది బయటికి కనిపించదు. అది సంస్థ జాగ్రత్త పడే పని. వెళ్తున్న మనిషి రేపు కేసు వేస్తారా, పోటీ సంస్థకు వెళ్తున్నారా, వేధింపుల మాట ఏదైనా బయటికి వచ్చేలా ఉందా, కస్టమర్ల వివరాలు పట్టుకెళ్తున్నారా అని వింటున్నవారు గమనిస్తూనే ఉంటారు. అలా గమనించడం వాళ్ల ఉద్యోగం, అందులో దురుద్దేశం ఉండాల్సిన పని లేదు. మీరు స్నేహంగా చెప్పిన ఒక వాక్యం రెండో పనికి పనికొస్తుందా, మూడో పనికి పనికొస్తుందా అన్నది మీ చేతుల్లో ఉండదు. ఒకే నోట్స్ రెండింటికీ వెళ్తుంది.

ఇక్కడ హెచ్‌ఆర్ గురించి ఒక మాట. ఎదురుగా కూర్చున్నావిడ మంచిది కావచ్చు. మీ బాధ విని నిజంగానే కళ్లు చెమర్చవచ్చు. అయినా ఆవిడకు జీతమిచ్చేది ఆ సంస్థే. ఆవిడ మీకు శత్రువు కాదు, మీ తరఫు వకీలూ కాదు. ఈ రెండూ ఒకేసారి గుర్తుంటే మాట తూకంగా వస్తుంది.

"మన మధ్యే ఉంటుంది" అంటే

"మీరు చెప్పింది గోప్యంగా ఉంచుతాం" అనే మాట దాదాపు ప్రతి ఎగ్జిట్ ఇంటర్వ్యూ మొదట్లోనూ వినిపిస్తుంది. అబద్ధం చెబుతున్నారని అనను. కానీ ఆ మాటకున్న హద్దులు తెలుసుకోవాలి. సాధారణంగా అర్థం ఏమిటంటే మీ పేరు తీసేసి, ఇంకొందరి మాటలతో కలిపి, మూడు నెలలకో ఆరు నెలలకో పైవాళ్లకు రిపోర్టు పంపుతారు. వందమంది ఉన్న విభాగంలో ఇది కొంత రక్షణే. ఆరుగురున్న టీమ్‌లో ఆ నెల వెళ్లింది మీరొక్కరే అయితే పేరు తీసేసినా ఒకటే, తీయకపోయినా ఒకటే. 'నైట్ డ్యూటీల పంపకం సరిగా లేదు' అన్న వాక్యం చూడగానే మీ మేనేజర్‌కు మీ ముఖమే గుర్తొస్తుంది.

ఇంకొకటి. వేధింపులు, ప్రాణాపాయం ఉన్న పరిస్థితులు, డబ్బు మోసం లాంటివి చెప్పాక "ఇది ఎవరికీ చెప్పకండి" అని అడిగితే వాళ్లు చాలాసార్లు ఆ మాట నిలబెట్టుకోలేరు. విన్న తర్వాత విచారణ జరిపించాల్సిన బాధ్యత వాళ్ల మీద పడుతుంది. కాబట్టి మొదట్లోనే నేరుగా అడగండి: "ఈ నోట్స్ ఎవరెవరు చూస్తారు? నా మేనేజర్‌కు వెళ్తుందా? నా ఫైల్లో ఉంటుందా?" ఇలా అడగడంలో తప్పేమీ లేదు. జవాబు తడబడితే ఎంతవరకు మాట్లాడాలో మీకు అక్కడే తెలిసిపోతుంది.

అందరూ జీతమనే ఎందుకు చెబుతారు

1985లో జరాండోనా, కముసో అనే ఇద్దరు ప్రచురించిన ఒక అధ్యయనం ఈ విషయంలో నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. ఉద్యోగం వదిలేటప్పుడు కారణమేమిటని అడిగితే 38 శాతం మంది జీతం, దాంతో వచ్చే సౌకర్యాలు అన్నారు. పై అధికారి తీరు అన్నవాళ్లు 4 శాతమే. వాళ్లనే 18 నెలల తర్వాత మళ్లీ అడిగారు. ఈసారి జీతం అన్నవాళ్లు 12 శాతానికి పడిపోయారు, పై అధికారి అన్నవాళ్లు 24 శాతానికి పెరిగారు. అంతకు ముందు 1969లో లెఫ్కోవిట్జ్, కాట్జ్ చేసిన పరిశీలనలోనూ ఇలాంటిదే బయటపడింది. వెళ్లే రోజు చెప్పిన కారణానికీ, కొన్ని నెలలు గడిచాక రాసి పంపిన కారణానికీ పొంతన కుదరలేదు.

ఎందుకిలా? జీతం అన్న మాట ఎవరికీ గుచ్చుకోదు. 'ఎక్కువ ఇస్తున్నారు, వెళ్తున్నాను' అంటే మేనేజర్‌కు కోపం రాదు, హెచ్‌ఆర్ మళ్లీ ప్రశ్న వేయరు, రెఫరెన్స్ (కొత్త సంస్థవాళ్లు అడిగితే మన గురించి పాతవాళ్లు చెప్పే మాట) పాడవదు. చెప్పేవాళ్లకు అది క్షేమం. కానీ దాని ఫలితం చూడండి. నలుగురు వెళ్లారు, నలుగురూ జీతమే అన్నారు. సంస్థ ఏం చేస్తుంది? వచ్చే ఏడాది హైక్ కాస్త పెంచుతుంది. మనుషుల్ని తరిమేస్తున్న పద్ధతి అలాగే ఉంటుంది. అయిదో మనిషి కూడా వెళ్లిపోతారు. నేను ఐదు నిమిషాల్లో లేచి వచ్చేసిన ఆ ఇంటర్వ్యూ నా తర్వాత వచ్చిన అమ్మాయికి చేసింది అదే.

అయితే నిజం చెబితే మారిపోతుందా? ఆ హామీ కూడా లేదు. 2016లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఎవరెట్ స్పెయిన్, బోరిస్ గ్రోయ్స్‌బర్గ్ రాసిన వ్యాసంలో ఒక సంగతి ఉంది. ఎగ్జిట్ ఇంటర్వ్యూల వల్ల మీ సంస్థలో ఫలానా మార్పు వచ్చింది అని ఒక్క ఉదాహరణ చెప్పమని పెద్ద స్థాయి అధికారుల్ని అడిగితే, చెప్పగలిగినవాళ్లు మూడో వంతు కూడా లేరు. అంటే ఎక్కువ చోట్ల ఆ మాటలు ఫారాల్లోనే ఉండిపోతున్నాయి.

ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో ఒక విషయం స్పష్టంగా విడదీసి చూపించారు. ఒక సంస్థ నచ్చనప్పుడు మనిషికి రెండు దారులుంటాయి: బయటికి వెళ్లిపోవడం, లేదా లోపలే ఉండి గొంతెత్తడం. వెళ్లిపోగలరన్న భయం సంస్థకు ఉంటే గొంతుకు బలం వస్తుంది. దీన్ని ఎగ్జిట్ ఇంటర్వ్యూకు అన్వయిస్తే దాని వింత స్థితి అర్థమవుతుంది. ఇక్కడ వెళ్లిపోవడం ముందు జరిగింది, మాట తర్వాత వచ్చింది. మీకు ఇప్పుడు భయం తక్కువ, కానీ మీ మాటకు బలమూ తక్కువే. మిమ్మల్ని నిలుపుకోవడం కోసం ఇక ఎవరూ ఏదీ మార్చరు. మారేదేదైనా ఉంటే అక్కడ మిగిలినవాళ్ల కోసమే మారాలి. అందుకే ఆ గదిలో మాట్లాడేటప్పుడు మనసులో ఉండాల్సింది మీ సీట్లోకి రాబోయే మనిషి అని నేను నమ్ముతాను.

మాట ఎలా ఉంటే నిలబడుతుంది

ఫారం నింపిన అనుభవంతో చెబుతున్నాను. విశేషణాలు ఫారంలోకి వెళ్లేసరికి ఆవిరైపోతాయి. "మా మేనేజర్‌కు ప్లానింగ్ రాదు" అని మీరంటే నోట్స్‌లో 'మేనేజర్‌తో సర్దుబాటు కుదరలేదు' అని పడుతుంది. అది చదివినవాళ్లకు ఇద్దరి మధ్య గొడవలా కనిపిస్తుంది. ఆ గొడవలో ఒకరు వెళ్లిపోతున్నారు, ఇంకొకరు ఉంటున్నారు. ఎవరి మాట నెగ్గుతుందో చెప్పక్కర్లేదు. అదే విషయాన్ని ఇలా చెప్పి చూడండి: "గత మూడు నెలల్లో డ్యూటీ రోస్టర్ ఐదుసార్లు ముందు రోజు రాత్రి వచ్చింది. వారం ముందు వస్తే నేను రెండుసార్లు సెలవు రద్దు చేసుకోవాల్సి వచ్చేది కాదు." ఇందులో ఎవరినీ ఏమీ అనలేదు. కానీ ఇది సరిచూసుకోగలిగిన మాట. రోస్టర్ పంపిన తేదీలు సిస్టమ్‌లో ఉంటాయి. వాటికి ఎదురు చెప్పడం ఎవరికైనా కష్టం.

"ఇక్కడ ఎదుగుదల లేదు" అన్నది ఇంకో మాట. ప్రతి సంస్థలోనూ ప్రతి ఏడాదీ వినిపించేదే, అందుకే దాన్నెవరూ పట్టించుకోరు. "పై స్థాయికి వెళ్లాలంటే ఏం నేర్చుకోవాలో చెప్పమని రెండు అప్రైజల్స్‌లో అడిగాను, రెండుసార్లూ 'చూద్దాం' అన్నారు" అంటే అది వేరే బరువుతో వెళ్తుంది. "ఆయనకు కావాల్సినవాళ్లకే మంచి పనులిస్తారు" అన్నప్పుడు మీరు ఆయన మనసులో ఏముందో చెబుతున్నారు. అది మీకు తెలిసే అవకాశం లేదు. "ఈ ఏడాది కొత్త ప్రాజెక్టులు నాలుగొచ్చాయి, నాలుగూ ఇద్దరికే వెళ్లాయి, ఎలా ఎంపిక చేశారో మాకెవరికీ చెప్పలేదు" అన్నప్పుడు జరిగింది చెబుతున్నారు. మనసులు చదవకుండా జరిగింది చెప్పడమే ఇందులో ఉన్న నేర్పంతా.

ప్రతి వాక్యానికీ నేను వాడే ప్రశ్న ఒకటుంది: ఇది విన్నవారు రేపు పొద్దున్న దీంతో ఏం చేయగలరు? రోస్టర్ ముందుగా ఇవ్వమని ఆదేశించగలరు. ఎంపిక ఎలా చేస్తున్నారని అడగగలరు. 'ఆయన మంచివాడు కాదు' అన్నదాంతో ఎవరూ ఏమీ చేయలేరు.

కొన్నిచోట్ల నిజంగానే సమస్య ఒక మనిషి. పద్ధతి, విధానం అని ఎంత చుట్టూ తిరిగినా అసలు విషయం అక్కడికే వస్తుంది. అప్పుడు దాచడం కంటే ఒక్కసారి, నెమ్మదిగా, ఒక్క సంఘటనతో చెప్పి ఆగడం మేలు. "నేను వెళ్లడానికి ముఖ్య కారణం నా పై అధికారి మాట తీరు. ఫలానా మీటింగ్‌లో పదిమంది ముందు నా పనిని ఈ మాటలతో తీసిపారేశారు. తర్వాత విడిగా మాట్లాడదామని మెయిల్ పెట్టాను, జవాబు రాలేదు." ఇంతే. రెండో సంఘటన అడిగితే చెప్పండి. అడగకపోతే మళ్లీ మళ్లీ అదే చెప్పకండి. పదే పదే చెబుతుంటే వినేవాళ్ల చూపు సంఘటన మీద నుంచి మీ కోపం మీదికి జారిపోతుంది.

అదే మనిషి రెఫరెన్స్ మీద మీ తర్వాతి ఉద్యోగం ఆధారపడి ఉంటే? అప్పుడు ఊరుకోండి. ఇల్లు గడవాల్సిన మనిషి ధైర్యం చూపించి తీరాలని చెప్పే హక్కు నాకు లేదు, ఎవరికీ లేదు. ఆ ఒక్క విషయం వదిలేసి, పని పద్ధతుల గురించి ఒకటో రెండో ఉపయోగపడే మాటలు చెప్పి రావచ్చు. అది పిరికితనం కాదు.

వెళ్లే ముందు ఇంటి దగ్గర

ఇంటర్వ్యూకు మూడు నాలుగు రోజుల ముందు ఒక పని చేయండి. మనసులో ఉన్నదంతా, బూతులతో సహా, ఎవరికీ చూపించని కాగితం మీద రాయండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాత్రం వద్దు. మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో శాండ్రా బీల్‌తో కలిసి విద్యార్థులపై చేసిన ప్రయోగంలో, మనసును గాయపరిచిన సంఘటనల గురించి వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయించారు. తమ భావాలనూ, జరిగినదాన్నీ కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో డాక్టర్ దగ్గరికి వెళ్లడం తగ్గింది. రాస్తున్నప్పుడు మాత్రం వాళ్లకు బాధ ఎక్కువైంది. ఇది తెలుసుకోవడం మంచిది. రాసిన రాత్రి నిద్ర పట్టకపోవచ్చు, అందుకే ఇంటర్వ్యూకు ముందు రోజు రాయకండి.

రెండు రోజులాగి ఆ కాగితం తీసి చదవండి. అందులో సగం మీ గాయం, సగం సమాచారం. గాయం నిజమైనదే, కానీ దాన్ని చెప్పుకోవాల్సింది ఇంట్లోవాళ్లకు, స్నేహితులకు, కావాలంటే కౌన్సెలర్‌కు. సమాచారంలోంచి రెండు మూడు విషయాలు ఏరుకోండి. పది విషయాలు తీసుకెళ్తే అన్నీ కలిపి 'అసంతృప్తి' అనే ఒక్క మాటగా మారిపోతాయి. బాగున్నవి కూడా ఒకటో రెండో రాసుకోండి, నిజంగా ఉంటేనే. మీకు పని నేర్పినవాళ్ల పేరు చెబితే ఆ మాట ఎక్కడో ఒకచోట వాళ్లకు పనికొస్తుంది. మంచి మాటలు కూడా ఫైళ్లలోకి వెళ్తాయి కదా.

అడిగే ప్రశ్నల్లో కొన్ని తేలిగ్గా కనిపిస్తూనే ఇరుకున పెడతాయి. "ఎక్కడికి వెళ్తున్నారు, ఎంత ఇస్తున్నారు?" చెప్పాలనిపిస్తే చెప్పండి. లేదంటే "ఇంకా బయటికి చెప్పదలచుకోలేదు" అంటే చాలు. అయితే పోటీ సంస్థల విషయంలో మీరు సంతకం చేసిన ఒప్పందంలో షరతులేమైనా ఉన్నాయేమో ముందే చదువుకోండి. "ఏం చేసి ఉంటే మీరు ఉండేవారు?" అన్న ప్రశ్న నిజానికి చాలా మంచిది, మీరు ఏరుకున్న రెండు విషయాలూ ఇక్కడ చెప్పొచ్చు. కానీ కొన్నిసార్లు అది కౌంటర్ ఆఫర్‌కు, అంటే ఉండిపొమ్మని ఇంకా ఎక్కువ ఇస్తామనడానికి, ముందడుగు. ఉండే ఉద్దేశం లేకపోతే "నా నిర్ణయం అయిపోయింది, ఇది మీకు పనికొస్తుందని చెబుతున్నాను" అని ముందుగా అనేయండి.

"మిగతావాళ్లు కూడా ఇలాగే అనుకుంటున్నారా?" అన్నది నన్ను భయపెట్టే ప్రశ్న. నేనూ ఒకప్పుడు దాన్ని అమాయకంగానే అడిగాను. మీరు సహజంగా "అవునండీ, ఫలానా ఆవిడ కూడా వేరే ఉద్యోగం చూసుకుంటోంది" అనేస్తారు. మీరు రేపు అక్కడ ఉండరు. ఆవిడ ఉంటుంది. ఈ ప్రశ్నకు ఒక్కటే జవాబు: "నా సంగతి నేను చెప్పగలను. వాళ్లను మీరే అడిగితే బాగుంటుంది."

మీతో మాట్లాడేది స్వయంగా మీ మేనేజరే అయితే పనుల అప్పగింత, ప్రాజెక్టు సంగతుల వరకే ఉంచి, మిగతాది వేరేవారితో మాట్లాడతానని అడగండి. వద్దంటే రాసిస్తానని చెప్పండి. తొందరగా మాటలు దొరకనివాళ్లకూ, కన్నీళ్లు ఆగవేమోనని భయపడేవాళ్లకూ రాసివ్వడమే సుఖం. మాట్లాడుతుండగా గొంతు పూడుకుపోతే "ఒక్క నిమిషం" అని నీళ్లు తాగండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఆ గదిలో చెప్పకూడనివి, చేయకూడనివి

లైంగిక వేధింపులు, కులం, మతం, లింగం లాంటివాటి ఆధారంగా వివక్ష, జీతం ఎగ్గొట్టడం, ప్రాణాలకు ముప్పు తెచ్చే పని పరిస్థితులు. వీటికి ఎగ్జిట్ ఇంటర్వ్యూ సరైన చోటు కాదు. అక్కడ చెబితే అది అభిప్రాయంగా నమోదవుతుంది. రాసి, తేదీ వేసి, ఆ పనికోసం పెట్టిన కమిటీకో అధికారికో ఇస్తే ఫిర్యాదు అవుతుంది. ఫిర్యాదు మీద ఏదో ఒకటి తేల్చాల్సి వస్తుంది. అభిప్రాయం విషయంలో ఆ ఒత్తిడి ఉండదు. చాలాచోట్ల ఫిర్యాదులకు గడువులుంటాయి, కాబట్టి చివరి రోజు దాకా ఆగకండి. ఉద్యోగం మానేశాక హక్కు పోతుందని చాలామంది అనుకుంటారు, అన్నిచోట్లా అలా కాదు. పని ప్రదేశంలో హింస, వేధింపుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ఆమోదించిన 190వ ఒడంబడిక, ఉద్యోగం ముగిసిపోయినవాళ్లను కూడా తన రక్షణ కిందికి తెచ్చింది. దాన్ని ధ్రువీకరించిన దేశాలకు అది వర్తిస్తుంది. ఇలాంటి విషయం మీకుంటే, ఎగ్జిట్ ఇంటర్వ్యూకు ముందే కార్మిక చట్టాలు తెలిసిన న్యాయవాదితోనో యూనియన్‌తోనో మాట్లాడండి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. మర్యాద కోసం ఫారంలో 'అంతా సంతృప్తికరం, ఎలాంటి ఫిర్యాదులూ లేవు' అని రాసి సంతకం పెట్టి, మూడు నెలల తర్వాత కేసు వేస్తే, అవతలివాళ్లు ముందుగా బయటికి తీసేది ఆ కాగితమే. చెప్పడం ఇష్టం లేకపోతే ఖాళీగా వదిలేయండి, లేదా 'ఇక్కడ వ్యాఖ్యానించదలచుకోలేదు' అని రాయండి. నిజం కానిదాని కింద మాత్రం సంతకం పెట్టకండి. 'ఇకపై సంస్థ మీద ఎలాంటి దావాలూ వేయను' లాంటి వాక్యాలున్న కాగితం ఆ మీటింగ్‌లో ముందుకు జరిపితే, "ఇంటికి తీసుకెళ్లి చదివి ఇస్తాను" అనండి. అక్కడికక్కడే సంతకం కావాలని ఒత్తిడి చేస్తే, చదవాల్సిన అవసరం ఇంకా ఎక్కువ.

ఆధారాల కోసమని ఆఫీసు ఫైళ్లు సొంత మెయిల్‌కు పంపుకోకండి. న్యాయం మీ వైపున్నా ఆ ఒక్క పనితో తప్పు మీ మీదికి తిరుగుతుంది. ఏ రోజు ఏం జరిగింది, ఎవరున్నారు అన్నది మీ మాటల్లో మీ నోట్‌బుక్‌లో రాసుకోండి.

అసలు వెళ్లకుండా ఉండొచ్చా? ఎక్కువ సంస్థల్లో ఎగ్జిట్ ఇంటర్వ్యూ ఐచ్ఛికమే. నియామక ఒప్పందం, హెచ్‌ఆర్ నియమాలు ఒకసారి చూసుకోండి. పని అప్పగించడం, సామాన్లు తిరిగివ్వడం మీ బాధ్యత. ఎందుకు వెళ్తున్నారో వివరించడం చాలావరకు మీ ఇష్టం. "అప్పగింతలన్నీ పూర్తి చేశాను, ఇంటర్వ్యూ మాత్రం వద్దనుకుంటున్నాను" అని మర్యాదగా ఒక మెయిల్ పెడితే సరిపోతుంది. తీసేసినవాళ్లకైతే ఇది ఇంకా గట్టిగా చెబుతాను. ఉద్యోగం పోయిన వారంలో మనసు కుదుటపడకుండా ఏమీ మాట్లాడకండి.

ఏ రోజు పెట్టుకోవాలన్నది కూడా అడిగి మార్చుకోవచ్చని చాలామందికి తెలియదు. ఆఖరి రోజు సాయంత్రం అన్నిటికంటే చెడ్డ సమయం. అప్పటికి వీడ్కోలు మాటలు, సంతకాలు, అలసట అన్నీ కలిసిపోయి ఉంటాయి. 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్, ఆయన సహచరులు ఒక ప్రయోగం చేశారు. చేతిని 14 డిగ్రీల చన్నీళ్లలో 60 సెకన్లు ఉంచడం ఒకసారి. ఇంకోసారి అవే 60 సెకన్లు, ఆపై నీటిని నెమ్మదిగా 15 డిగ్రీల దాకా తెస్తూ మరో 30 సెకన్లు. మళ్లీ చేయాల్సి వస్తే ఏది చేస్తారని అడిగితే ఎక్కువమంది రెండోదే ఎంచుకున్నారు, మొత్తంగా బాధ ఎక్కువసేపు ఉన్నా సరే. ముగింపు కాస్త తేలికైతే జ్ఞాపకమంతా తేలికైపోతుంది. ఉద్యోగానికీ ఇది వర్తిస్తుందని నా అనుభవం. ఆఖరి రోజు కేకు కోస్తే రెండేళ్ల బాధ మరుగున పడుతుంది, ఆఖరి రోజు ఎవరైనా ముఖం తిప్పుకుంటే రెండేళ్ల మంచి మరుగున పడుతుంది. రెండూ సరైన లెక్కలు కావు. నోటీస్ పీరియడ్ మధ్యలో ఒక మామూలు రోజునో, సెటిల్‌మెంట్ అంతా అయిపోయిన కొన్ని వారాల తర్వాత ఫోన్లోనో అయితే మాట నిదానంగా వస్తుంది.

ఇంటర్వ్యూ అయ్యాక అదే రోజు ఒక చిన్న మెయిల్ పంపండి: "ఈరోజు నేను చెప్పిన ముఖ్య విషయాలు ఇవి" అని మూడు లైన్లు. నలభై నిమిషాల మాట ఒక ఆప్షన్‌గా మారిపోకుండా కాపాడేది ఇదొక్కటే. వాళ్ల నోట్స్ ఎలా ఉన్నా మీ మాటలు మీ మాటల్లోనే ఎక్కడో ఒకచోట ఉంటాయి. ఐరోపా యూనియన్‌లో 2018 మే నుంచి అమల్లో ఉన్న డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ ప్రకారం తమ గురించి సంస్థ దాచుకున్న సమాచారం ప్రతిని అడిగే హక్కు ఉద్యోగులకు కూడా ఉంది, కొన్ని మినహాయింపులతో. మీరున్నచోట అలాంటి హక్కు ఉందో లేదో కనుక్కోండి. లేకపోయినా మీ మెయిల్ మీ దగ్గరుంటుంది.

నేను చేసిన ఇంటర్వ్యూల్లో ఒకటి ఇప్పటికీ కళ్ల ముందుంది. ఆరేళ్లు పనిచేసి వెళ్తున్న ఒకావిడ. చేతిలో చిన్న చీటీ. మేనేజర్ గురించి అడిగితే ఒక్క సంఘటన చెప్పింది, తేదీతో సహా. మిగతావాళ్ల గురించి అడిగితే "వాళ్లనే అడగండి" అంది. చివర్లో ఎప్పటిలాగే "ఇంకేమైనా చెప్పాలా?" అన్నాను. చీటీ వంక చూసుకుంది. "నా పనిలోకి వచ్చేవాళ్లకు మొదటి వారం సిస్టమ్ యాక్సెస్ ఉండదు. నాకు పదకొండు రోజులు పట్టింది, నా ముందున్నతనికి తొమ్మిది. ఖాళీగా కూర్చున్నారని అందరూ అనుకుంటారు, మనకేమో ఎవర్ని అడగాలో తెలియదు. వాళ్లు చేరే ముందు రోజే ఇప్పించండి" అంది. ఎవరికి చెప్పాలో, ఏ ఫారం నింపాలో ఆ చీటీ వెనకాల రాసి ఉంది. అది నా ముందు పెట్టి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం ఆవిడ చెప్పిన ఫారం నింపి పంపాను. తర్వాతి నెల ఆ సీట్లో చేరిన అబ్బాయి మొదటి రోజు పదకొండు గంటలకల్లా పని మొదలుపెట్టాడు.